అగ్గి ఇచ్చే ఇల్లు

మా ఊరు ఏడాదికి ఒక్క రోజు ఖాళీ అవుతుంది. ఉగాదికి ముందు వచ్చే మంగళవారం తెల్లారకముందే పొయ్యిలన్నీ నీళ్ళు చల్లి ఆర్పేసి, ముసలీ ముతకా, పిల్లా జెల్లా, గొడ్డూ గోదా అంతా కలిసి ఊరు దాటి వంక ఒడ్డుకు పోతాం. పొద్దు మునిగేదాకా అక్కడే. ఆ రోజు ఊళ్ళో దీపం ఉండదు, పొగ ఉండదు, మనిషి ఉండడు. దీపాల వేళకు తిరిగొచ్చి, ఒకే ఒక్క ఇంట్లో కొత్త అగ్గి పుట్టిస్తారు. మిగతా వాళ్ళంతా ఆ అగ్గినే అడిగి తీసుకుపోయి తమ పొయ్యిలు వెలిగించుకోవాలి. ఆ అగ్గి ఇచ్చే ఇల్లు మాది.

మాది అని నొక్కి మరీ చెప్తున్నాను. ఎందుకంటే పోయినేడు ఊరి పెద్దలు అది మాది కాదన్నారు. నాయన పోయాడు, బొట్టు తీసిన ఆడమనిషి చేతి అగ్గి ఊరికి మంచిది కాదు, కాబట్టి అమ్మ ఇకమీదట ఇవ్వకూడదని తేల్చేశారు. మా అమ్మకు పొలం కన్నా, ఒంటి మీది బంగారం కన్నా, నిజం చెప్పాలంటే నాకన్నా కూడా ఎక్కువైనది ఏదన్నా ఉందంటే అది ఆ అగ్గి ఇవ్వడమే. కోడలిగా వచ్చిన ఏడు మొదలుపెట్టింది, మళ్ళీ ఆపలేదు. దాన్ని ఆమె ఎట్లా నిలబెట్టుకుందో నేను కళ్ళారా చూశాను.

నేను అనంతపురంలో డిగ్రీ పిల్లలకు సమాజశాస్త్రం చెప్తాను. చిన్న చిన్న సమాజాల్లో మతం, ఆచారం, నమ్మకం అని ఒక పాఠం ఉంది. ఎక్కడెక్కడి దీవుల్లోనో, అడవుల్లోనో ఉండే జనం గురించి చెప్తుంటే ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి అదే ప్రశ్న అడుగుతారు: “మేడం, వాళ్ళు అదంతా నిజంగా నమ్ముతారా?” నాకు ఒళ్ళు మండేది ఆ ప్రశ్నకే. పెళ్ళిలో అరుంధతీ నక్షత్రం చూపిస్తే మిట్టమధ్యాహ్నం ఆకాశం వంక చూసి తలాడించిన వాళ్ళే కదా మీ అమ్మానాయనలు, వాళ్ళు నమ్మారా అని ఎదురడుగుతాను. క్లాసంతా నవ్వుతుంది. ఆ తర్వాత మా ఊరి సంగతి చెప్తాను.

ఊరు ఎందుకు ఖాళీ చేస్తారని మా ఊళ్ళో అడిగి చూడండి. ఒక్కరు చెప్పింది ఇంకొకరు చెప్పరు. ఒకప్పుడు గత్తర వచ్చి జనం పిట్టల్లా రాలిపోయారనీ, బతికినవాళ్ళు వంకకు పారిపోతే రోగం ఖాళీ ఇళ్ళు చూసి వెళ్ళిపోయిందనీ నాయన చెప్పేవాడు. ఊరి పెద్ద అయిన మా పెదనాయన, అంటే నాయనకు పెదనాయన కొడుకు, ఆ మాట ఒప్పుకోడు. ఊరమ్మకు ఏడాదికొక రోజు మనిషి వాసన లేకుండా ఊరంతా తిరగాలని ఉంటుందట, అందుకని మనం తప్పుకోవాలట. కాలనీలో ఒక అత్త ఉంది, అమ్మతో కలిసి వేరుసెనగ చేలల్లో పనిచేసి పనిచేసి తోబుట్టువు లాగా అయిపోయిన మనిషి. వాళ్ళు క్రైస్తవులు. వాళ్ళూ వంకకు వస్తారు, అవతలి గట్టున చింతచెట్ల కింద వాళ్ళ పాటలు వాళ్ళు పాడుకుంటారు. మీరెందుకు వస్తారత్తా అని ఒకసారి అడిగితే నా ముఖం కేసి వింతగా చూసింది. “ఊరంతా పోతాంటే మేం ఒక్కళ్ళమే ఆడ కూచ్చోని ఏం చేస్తాం పాపా? మేమూ ఊరే కదా” అన్నది. పాఠం మొత్తానికి అంతకన్నా మంచి సారాంశం నా దగ్గర లేదు.

నమ్మకాలు ఎవరివి వాళ్ళకున్నాయి. పని మాత్రం అందరిదీ ఒకటే. కరెంటు వచ్చాక మా ఊళ్ళో పెద్ద రచ్చే జరిగిందట, బల్బు అగ్గి కిందికి వస్తుందా రాదా అని. చేయి కాలితేనే అగ్గి అని తీర్పిచ్చారు. ఫ్రిజ్ ఆడొచ్చు, బల్బూ ఇస్త్రీపెట్టే కూడదు. ఇప్పుడు అందరి ఇళ్ళలో గ్యాసే, లైటర్లే. అయినా ఆ సాయంత్రం ఒక్కరు కూడా లైటర్ ముట్టుకోరు. మా ఇంటి నుంచి పెంకు మీద నిప్పు తీసుకుపోయి, దాంతో పుల్ల అంటించి, గ్యాస్ పొయ్యి వెలిగిస్తారు. చూసేవాళ్ళకు నవ్వొస్తే రావచ్చు. మాకు రాదు.

మా వంటింట్లో అగ్గి పుట్టించడం ఇద్దరి పని. చెకుముకి రాయి, ఒక ఇనుప ముక్క, కాల్చి నల్లగా చేసిన దూది. నాయన దూది పట్టుకునేవాడు, అమ్మ కొట్టేది. రవ్వ దూదిలో పడగానే నాయన ఊదేవాడు, అమ్మ పిడక ముక్కకు అంటించేది. ఆడవాళ్ళు పెంకులు పట్టుకుని పెరటి వాకిట్లో నిలబడేవాళ్ళు. అడిగితేనే అగ్గి ఇవ్వాలి. అడక్కుండా ఒకరి గడపకు అగ్గి తీసుకుపోకూడదు, అట్లా తీసుకుపోయేది పీనుగు లేచిన ఇంటికే. అన్ని ఇళ్ళలో అంటుకున్నాక నాయన వీధి అరుగెక్కి “అన్ని పొయ్యిలూ వెలిగినాయి” అని కేకేసేవాడు. ఆ కేక పడేదాకా ఊళ్ళో ఎవరూ ఎసరు పెట్టరు. ఎవరి పొయ్యి అయినా వెలగలేదంటే ఊరంతా పస్తే.

అట్లా వెలగకపోతే ఏం చెయ్యాలో దానికీ పద్ధతి ఉంది. ఊరి పెద్ద ఆ ఇంటి ముందుకొచ్చి నిలబడి, అందరూ వినేటట్టు, “ఈ ఇంటికి ఏం తక్కువైంది?” అని అడగాలి. లోపలి నుంచి ఆ ఇంటి ఆడమనిషి చెప్పాలి. ఆమె ఏది తక్కువైందంటే అది ఊరు తెచ్చి ఇవ్వాలి. ఇచ్చాకే ఊరు తినాలి. కరువు సీమలో ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గింజ లేని ఇల్లు సిగ్గుపడి అగ్గి అడగదు. వండుకునేందుకు ఏమీ లేనప్పుడు అగ్గి ఏం చేసుకుంటారు? ఆరిన పొయ్యి ఒకటి కనబడితే ఊరే పోయి అడగాలి. ఆచారాలన్నీ మూఢమేనని అనేవాళ్ళకు నేను ఈ ఒక్కటి చూపిస్తాను. నాయన చిన్నప్పుడు ఒక ఇంటిని అట్లా అడిగారట, చేటల్లో కొర్రలు, జొన్నలు పోసి ఇచ్చారట. రేషను బియ్యం వచ్చాక ఆ ప్రశ్నతో పని పడలేదు. నా ఎరుకలో ఎవరూ అడగలేదు, ఎవరూ అడిగించుకోలేదు.

నాయన వానాకాలం చివర్లో పోయాడు. ఉగాది దగ్గర పడుతుండగా ఊరి వాట్సాప్ గ్రూపులో పెదనాయన పేరు మీద ఒక కబురు వచ్చింది. “ఈ తూరి అగ్గి మా ఇంటి నుంచి, అందరూ గమనించాలి” అని. కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా. నేను కాలేజీ స్టాఫ్ రూములోనే కూర్చుని ఫోను విసిరికొట్టేదాన్ని, పక్కన ఇంకో మేడం ఉంది కాబట్టి ఆగాను.

ఆ వారమే ఊరికి పోయాను. పెదనాయనతో తేల్చుకుంటానని ఇంట్లో చెప్పులు కూడా విప్పకుండా నిలబడ్డాను. అమ్మ రొట్టె తడుతూ తల కూడా ఎత్తలేదు.

“నువ్వు నోరెత్తొద్దు. నీ వాదం నీ కాలేజీలో పెట్టుకో.”

అంతలో పెదనాయన కోడలు, నాకు వదిన, పెరటి వైపు నుంచి వచ్చింది. మంచి పిల్ల. ఆమె ముఖం చూస్తేనే తెలిసింది, మామ పంపితే తప్పక వచ్చిందని. చెకుముకి రాయి అడగడానికి వచ్చింది, అడగలేక వంటింటి గడప పట్టుకుని నిలబడింది. అమ్మే లేచి, గూట్లోంచి గుడ్డమూట తీసి, రాయి, ఇనుము, దూది డబ్బీ అన్నీ ఆమె చేతిలో పెట్టింది. దూది తడి తగలకుండా చూసుకో అని కూడా చెప్పింది. నాకు అమ్మ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఇంత తేలిగ్గా ఇచ్చేస్తావా, నోట్లో నాలుక లేదా అని ఆ రోజంతా ఆమెతో సరిగా మాట్లాడలేదు. ఆమె పట్టించుకోలేదు.

పెదనాయన చెడ్డవాడేం కాదు, ఆ మాట కూడా చెప్పాలి. నాయన శవం మీద పడి పిల్లవాడిలా ఏడ్చిన మనిషి. ఆయన భయమంతా ఊరి గురించి. వరసగా బోర్లు ఎండిపోతున్నాయి, వేరుసెనగ పంట చేతికి రావడం లేదు. రేపు వాన పడకపోతే, ఎవరింట్లోనన్నా కీడు జరిగితే, ఆ విధవరాలి అగ్గి వల్లనే అని పది నోళ్ళు లేస్తాయి, పెద్దవాడివి నువ్వేం చేస్తున్నావని తననే అడుగుతారని ఆయన లెక్క. భయపడ్డ మగవాళ్ళకు ముందుగా కనబడేది పక్కింటి ఆడమనిషే. అది మా ఊరికే పరిమితం కాదు.

ఆ మంగళవారం పొద్దున అందరితో పాటే పొయ్యి ఆర్పి వంకకు పోయాం. ముందురోజు చేసుకున్న జొన్నరొట్టెలు, సెనక్కాయల పొడి, పెరుగన్నం. వంకలో నీటి చుక్క లేదు, ఇసుకలో పిల్లలు గుంతలు తవ్వుతున్నారు. ఆడవాళ్ళు అమ్మ దగ్గరకొచ్చి కూర్చుంటున్నారు గానీ ఎవరూ అగ్గి మాట ఎత్తడం లేదు. పలకరింపుల్లో ఒక జంకు. అమ్మ మాత్రం నిమ్మళంగా రొట్టె తిని, తువ్వాలు పరుచుకుని కానుగచెట్టు నీడన కునుకు కూడా తీసింది. ఎంత గుండెధైర్యమమ్మా నీకు అనుకున్నాను, లేకపోతే నీకు అసలు బాధే లేదా అని కూడా అనుకున్నాను.

పొద్దు మునగగానే ఊళ్ళోకి నడిచాం. పెదనాయన ఇంటి పెరట్లో ఆడవాళ్ళు పెంకులతో చేరారు. చాలాసేపు రవ్వ పడలేదట, చివరికి పడిందట. ఒక్కొక్కరే నిప్పు తీసుకుని మా వాకిలి ముందు నుంచే పోతున్నారు, తలలు వంచుకుని. అమ్మ వంటింట్లో చల్లటి పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుంది. చీకట్లో ఆమె ముఖం కనబడటం లేదు. నాకు ఆకలి దంచేస్తోంది. పోనీ నేను పోయి నిప్పు అడిగి తెచ్చేదా అన్నాను.

“ఇది ఇచ్చే ఇల్లు,” అన్నది అమ్మ. “అడిగే ఇల్లు కాదు.”

అప్పుడు అర్థమైంది నాకు. అర్థమై, ఆ చీకట్లో పకపకా నవ్వేశాను. మా అమ్మ రాయి ఇచ్చింది, ఇనుము ఇచ్చింది, దూది ఇచ్చింది. పొయ్యి మాత్రం ఇవ్వలేదు. ఆమె పొయ్యి వెలగకపోతే ఊళ్ళో ఏ ఇంట్లోనూ ఎసరు పడదు. ఆమె అడగదు. అడగనిది వాళ్ళు తెచ్చి ఇవ్వలేరు. ఆమె మీద వాళ్ళు ఆచారం ప్రయోగించారు కదా, ఆచారం అంటే ఏమిటో మొత్తం చూడండని ఆమె పీట వేసుకుని కూర్చుంది.

కాసేపటికి వీధిలో కదలిక మొదలైంది. ఏ ఇల్లు మిగిలిందని ఒకరినొకరు అడుగుతున్నారు. మాది అని తెలియడానికి ఎంతసేపు? పిల్లలు అన్నానికి ఏడుస్తున్నారు. కొందరు కుర్రాళ్ళు, ఏమప్పా ఇదంతా, గ్యాస్ వెలిగించుకుని తినేస్తే ఏమైతాది అన్నారు. వాళ్ళ తల్లులే కసిరారు. అప్పుడు వచ్చింది కాలనీ అత్త. చేతిలో ఖాళీ పెంకు. ఇంట్లో వెలిగించుకున్నది ఆర్పేసి వచ్చానని చెప్పి, మా వీధి అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆరిన పొయ్యి ఉంటే అడగాల్సిన మాట ఒకటుంది కదా, అది అడగండి, మాకు ఆకలి అవుతోంది అన్నది. ఆ మాట ఆమె నోట వచ్చేదాకా ఊళ్ళో సగం మందికి ఆ పద్ధతే గుర్తులేదు.

పెదనాయనకు గుర్తుంది. అందుకే ఆయన నేరుగా మా వాకిట్లోకి రాలేదు. సందు మలుపు దగ్గరికి నన్ను పిలిపించాడు. బతిమాలుతున్నట్టే మాట్లాడాడు.

“సదువుకున్యదానివి, మీ అమ్మకు నువ్వన్నా చెప్పమ్మా.”

“సదువుకున్యా కాబట్టే చెప్పను పెదనాయనా. అడగాల్సింది నువ్వు.”

నేను అంత నిబ్బరంగా ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు. లోపల నాకు ఎంత హాయిగా ఉందో! ఆయన పైగుడ్డ భుజం మీద సర్దుకుని, కాసేపు నేల చూసి, మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. అప్పటికే ఊరంతా అక్కడుంది. ఆయన గొంతు సవరించుకోవడం అందరికీ వినబడింది.

“ఈ ఇంటికి ఏం తక్కువైంది?”

లోపల పీట కదిలిన చప్పుడు. అమ్మ గడప దాకా వచ్చింది, గడప దాటలేదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని ఉంది. గొంతు పెంచలేదు.

“రెండు తక్కువైనాయి బావా. ఒగటి దేవుడు తీసుకున్యాడు. దాన్ని తెచ్చిమ్మని మిమ్మల్ని అడగను, మీ చేతిలో లేదు. రెండోది మీరు తీసుకున్యారు.”

నేను ఏడవకూడదని ఎంత అనుకున్నా నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎదురింటి బల్బు వెలుగులో పెదనాయన చూపు అమ్మ నొసటి మీద నిలిచింది. అక్కడ బొట్టు లేదు. ఆయన తమ్ముడు లేడని ఆయనకు ఆ క్షణం మళ్ళీ తెలిసొచ్చినట్టుంది. పైగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ఆ ముసలాయన భయం నాకు తెలుసు, కానీ అడిగింది ఆయనే, జవాబు వచ్చింది, ఇక ఊరు ఇవ్వాల్సిందే. ఇవ్వకపోతే ఆయనే ఆచారం తప్పినవాడవుతాడు. వెనక్కి తిరిగి కోడలి కేసి చూసి తలూపాడు.

వదిన పరుగెత్తింది. ఆమె వెనక మిగతా ఆడవాళ్ళూ ఎవరిళ్ళకు వాళ్ళు పరుగెత్తారు. పిడకల మీద నీళ్ళు పడి సుర్రుమన్న చప్పుడు వీధి పొడుగునా వినబడింది. గ్యాస్ పొయ్యిలవాళ్ళకేం, మీట తిప్పితే చాలు. చూస్తుండగానే ఊళ్ళో పొయ్యిలన్నీ మళ్ళీ ఆరిపోయాయి. పోయినవాళ్ళు ఖాళీ పెంకులతో తిరిగొచ్చి మా పెరట్లో నిలబడ్డారు, ఎప్పటిలాగే ఒకరినొకరు తోసుకుంటూ, ముందు నేనంటే నేననుకుంటూ. కాలనీ అత్త ఎక్కడ నిలబడిందో వేరే చెప్పాలా, అందరికన్నా ముందు.

వదిన గుడ్డమూట తెచ్చి అమ్మ చేతిలో పెట్టి వెనక్కి తగ్గబోయింది. అమ్మ రాయి తీసుకుంది, ఇనుము తీసుకుంది. దూది డబ్బీ తెరిచి ఆగింది. ఇద్దరి పని అది. దూది పట్టుకునే మనిషి లేడు. నేను ముందుకు వంగాను. అమ్మ నా చేయి పక్కకు నెట్టింది.

“నువ్వు రేపో మాపో బస్సెక్కి పోతావు,” అని, వదిన కేసి చూసింది. “నువ్వు రా. కూచ్చో. దూది పట్టుకో.”

“నేనా చిన్నత్తా?”

“నా తర్వాత కొట్టాల్సింది ఎవురు మరి? మీ మామనా?”

పెరట్లో ఆడవాళ్ళు నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. వదిన కూర్చుంది. ఆమె దూదిని దూరంగా పట్టుకుంటే అమ్మ, రాయికి దగ్గరగా పట్టు, భయపడితే రవ్వకు తెలుస్తుంది అని దబాయించింది. కొట్టింది. మళ్ళీ కొట్టింది. దూదిలో ఎర్రగా చుక్క పడింది. వదిన ఊదింది, నాయన ఊదినట్టే, మెల్లగా, బుగ్గలు పొంగకుండా. ఎవరు నేర్పారో నాకు తెలియదు. బహుశా ఇన్నేళ్ళు మా వంటింటి కిటికీలోంచి చూసి ఉంటుంది.

అమ్మ అడిగిన వాళ్ళందరికీ ఇచ్చింది. చివర్న తన పొయ్యి వెలిగించుకుంది. అప్పుడు ఇంకొకటి మిగిలింది. కేక. నాయన వేసే కేక. ఇంట్లో మగవాడు లేడు. పెదనాయన వీధిలో నిలబడే ఉన్నాడు, పిలిస్తే వేసేవాడే. నేను అమ్మ ముఖం చూశాను. ఆమె చేతులకంటిన బూడిద కొంగుకు తుడుచుకుని, గడప దాటి, వీధి అరుగు ఎక్కింది. మా ఇంట్లో పక్క గదిలోకి వినబడేటట్టు కూడా మాట్లాడని మనిషి ఆమె. నన్ను తిట్టేటప్పుడు కూడా దగ్గరికొచ్చి తిట్టేది.

“అన్ని పొయ్యిలూ వెలిగినాయి!”

ఆ గొంతు ఊరి అవతలికి కూడా వినబడి ఉంటుంది. అంత గొంతు ఆమెకు ఉందని నాకే తెలియదు. ఊరికి ఎట్లా తెలుస్తుంది? ఆ తర్వాత ఇళ్ళలోంచి గిన్నెల చప్పుడు మొదలైంది, ఒక ఇంట్లో, పక్క ఇంట్లో, కాలనీ దాకా. పెదనాయన అరుగు కింద నిలబడి ఆమె కేసి చూసి, ఇక ఇంటికి పోయి తినొచ్చు కదమ్మా అని అడిగాడు. అమ్మ తలూపాకే కదిలాడు.

అమ్మ అరుగు దిగి లోపలికి వచ్చింది. నేను ఏదో పెద్ద మాట అనబోయాను. ఆమె నా కేసి చూడను కూడా లేదు.

“ఏం నిలబడుకోని చూస్తాండావు,” అన్నది. “ఎసరు పెట్టు. ఆకలైతాండాది.”